మా తమ్ముడు మాత్రలు ఎగ్గొడుతున్నాడా? లెక్కపెట్టినా తేలట్లేదు

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడికి 31 ఏళ్ళు. నాలుగేళ్ళ కింద హెచ్‌ఐవీ ఉందని తెలిసింది, అప్పట్నుంచి ఏఆర్‌టీ (వైరస్‌ని అదుపులో ఉంచే) మందులు వాడుతున్నాడు. రోజుకి ఒకటే ట్యాబ్లెట్, డోలుటెగ్రావిర్ అనే మందు కలిసున్నది. మూడేళ్ళు వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే లెక్క) అన్‌డిటెక్టబుల్, అంటే టెస్ట్‌కి దొరకనంత తక్కువ, అనే వచ్చింది. ఏడాది కింద ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్ళాడు, ఇంకో ముగ్గురితో కలిసి రూమ్, వారం వారం షిఫ్ట్ మారుద్ది. పోయిన నెల టెస్ట్‌లో 4,200 వచ్చింది. డాక్టర్ గారు కౌన్సెలింగ్‌కి పంపించి మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం అన్నారు. వీడ్ని అడిగితే మర్చిపోతున్నా అక్కా అంటాడు. అలారం పెట్టించా. రోజూ రాత్రి ఫోన్ చేసి వేస్కున్నావా అని అడుగుతా. ఇంటికొచ్చినప్పుడు డబ్బాలో మాత్రలు లెక్కపెడతా, లెక్క కరెక్ట్‌గానే ఉంటది, మరి 4,200 ఎలా వచ్చింది? మొన్నేమో మధ్యలో ఒక నెల ఆపితే బాడీకి రెస్ట్ దొరుకుద్దంట అన్నాడు. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలీదు. వాడు పెళ్లి చేసుకోవాలనుకుంటున్న అమ్మాయికి తెలుసు. నేనేం చేస్తే వీడు దారిలో పడతాడు? అమ్మకి చెప్పేస్తానని బెదిరించనా?

జవాబు: బెదిరించకండమ్మా. ముందు ఆ ఒక్కటీ తేల్చేసి మిగతావి మాట్లాడుకుందాం. ఇంట్లో తెలిసి అండగా నిలబడే మనిషి ఉన్నవాళ్ళు మందులు బాగా వాడతారు, ఇది నిజమే, కానీ ఆ తెలియడం వాళ్ళంతట వాళ్ళు చెప్తే జరగాలి. ఇంకొకరు బయటపెడతారేమో అనే భయం పట్టుకున్న మనిషి మొదట దాచేది మాత్రల్నే, తర్వాత ఆస్పత్రికి వెళ్ళడం మానేస్తాడు, ఆ తర్వాత మీకు ఫోన్ ఎత్తడు. ప్రస్తుతం అతనికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మనిషి మీరు, ఆ స్థానం పోగొట్టుకోవద్దు. అమ్మకి చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అనేది పూర్తిగా అతని నిర్ణయం.

ఇప్పుడు లెక్క సంగతి. మాత్రల లెక్క సరిపోయిందంటే మాత్రలు డబ్బాలోంచి బయటికొచ్చాయని అర్థం, నోట్లోకి వెళ్ళాయని కాదు. అక్క వస్తుంది లెక్కపెడుతుంది అని తెలిసినవాడు ముందురోజే మిగిలినవి పారేస్తాడు. ఇది మీ తమ్ముడొక్కడి తెలివితేటలు అనుకోకండి, ప్రపంచంలో ఎక్కడ చూసినా ఇంతే, పేషెంట్లు నోటితో చెప్పే లెక్క, మిగిలిన మాత్రల లెక్క రెండూ అసలు వాడకం కంటే ఎక్కువే చూపిస్తాయని ఈ రంగంలో పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. అయితే ఆగండి, వెంటనే ఫోన్ తీసి నువ్వు పారేస్తున్నావు కదరా అని అడగకండి, ఎందుకంటే అతను నిజంగానే రోజూ వేస్కుంటూ ఉండొచ్చు కూడా. డోలుటెగ్రావిర్‌కి ఒక గుణం ఉంది, అల్యూమినియం, మెగ్నీషియం ఉండే యాంటాసిడ్లు, ఐరన్, కాల్షియం, జింక్ లాంటివి దానితో పాటు కడుపులో ఉంటే వాటికి అతుక్కుపోయి రక్తంలోకి సరిగ్గా ఎక్కదు. నైట్ షిఫ్ట్‌లు చేసేవాళ్ళకి గ్యాస్, ఎసిడిటీ మామూలే, అందుకని రోజూ ఓ గ్యాస్ మాత్ర నమిలేస్తున్నాడేమో, ఎవరో చెప్పారని మల్టీవిటమిన్ మొదలుపెట్టాడేమో, మొదటి ప్రశ్న అది అడగండి. యాంటాసిడ్ తప్పదంటే ఏఆర్‌టీ మాత్ర దానికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా వేస్కోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకీ అదే గ్యాప్, కాకపోతే భోజనంతో అయితే వాటిని ఏఆర్‌టీ మాత్రతో కలిపి వేస్కోవచ్చు. టీబీ మందు రిఫాంపిసిన్, మూర్ఛకి వాడే కొన్ని మందులు కూడా రక్తంలో డోలుటెగ్రావిర్ మోతాదు తగ్గించేస్తాయి, రిఫాంపిసిన్ వాడేటప్పుడు డోలుటెగ్రావిర్ రోజుకి రెండుసార్లు ఇస్తారు. కాబట్టి అతను ఇంకా ఏమేం మింగుతున్నాడో, ఆయుర్వేదమో మూలికలో అయినా సరే, మొత్తం లిస్ట్ డాక్టర్ ముందు పెట్టాలి.

అదేం లేదు అని తేలితే అప్పుడు మర్చిపోవడం దగ్గరికి వద్దాం.

మందు ఎందుకు మానావు అని ఏ దేశంలో ఎవర్ని అడిగినా ఎక్కువగా వచ్చే జవాబు మర్చిపోయా అనేదే. అది అబద్ధం అని నేను అనట్లేదు, కానీ అక్కడితో ఆగితే ఏమీ తెలీదు. ఎందుకంటే మూడేళ్ళు మర్చిపోని మనిషికి ఈ ఏడాదిలోనే మతిమరుపు ఎందుకొచ్చింది? మీ ఉత్తరంలోనే ఉంది చూడండి, ఉద్యోగం మారింది, రూమ్ మారింది, షిఫ్ట్ వారం వారం మారుతోంది. అందుకే ఎందుకు వేస్కోలేదు అని అడగడం మానేసి, పోయిన రెండు వారాల్లో ఏ రోజు తప్పింది, ఆ రోజు ఆ టైమ్‌కి ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు అని అడగండి. ఎందుకు అన్న ప్రశ్నకి మనిషి సంజాయిషీ ఇస్తాడు, ఏ రోజు అన్న ప్రశ్నకి జరిగింది చెప్తాడు. తప్పిన డోసులన్నీ నైట్ షిఫ్ట్ వారంలోనే పడ్డాయనుకోండి, లేదా సెలవురోజే తప్పుతోందనుకోండి, అప్పుడు మీ చేతిలో పట్టుకోవడానికి ఒకటి దొరికినట్టు.

నా ఊహ చెప్తా, తప్పయితే కొట్టేయండి. రాత్రి తొమ్మిదికి అలారం. డే షిఫ్ట్‌లో ఆ టైమ్‌కి రూమ్‌లో ముగ్గురూ ఉంటారు, డబ్బా తీస్తే గలగలమని చప్పుడు, లేబుల్ మీద పేరు, ఏంట్రా రోజూ ఏదో వేస్కుంటావ్ అని ఒకడు అడుగుతాడు. నైట్ షిఫ్ట్‌లో ఆ టైమ్‌కి డ్యూటీలో ఉంటాడు, మాత్ర రూమ్‌లో ఉంటుంది. అంటే మీరు పెట్టించిన అలారం అతనికి గుర్తుచేస్తూనే ఉంది, గుర్తొచ్చినా వేస్కునే వీల్లేదు, ఆపేసి జేబులో పెట్టుకుంటాడు, పైగా రోజూ అదే టైమ్‌కి మోగే ఫోనే నలుగురిలో అనుమానం పుట్టిస్తుంది. నలుగురికీ తెలిసిపోతుందన్న భయం, హెచ్‌ఐవీ అంటే జనం చూసే చూపు, మందులు తప్పడానికి ఇది చాలా పెద్ద కారణం, మనం మాత్రం దాన్ని బద్ధకం అనో బాధ్యత లేకపోవడం అనో పేరుపెట్టి తిడుతూ ఉంటాం.

దీనికి చేయాల్సింది పెద్దదేం కాదు. డబ్బా మొత్తం రూమ్‌లో పెట్టక్కర్లేదు, నాలుగైదు రోజులకి సరిపడా మాత్రలు మామూలు చిన్న పిల్ బాక్స్‌లో వేస్కుని బ్యాగులో ఉంచుకోవచ్చు (మిగతావి వాటి అసలు డబ్బాలోనే, తేమ తగలకుండా, లోపలున్న ఆ చిన్న పొట్లం పారేయకుండా), రెండు మాత్రలు పని చేసేచోట లాకర్‌లో కూడా ఉంచుకోవచ్చు. గడియారం టైమ్‌కి బదులు ఏ షిఫ్ట్ అయినా తప్పకుండా చేసే పనికి ముడిపెట్టుకోవాలి, నిద్ర లేచి పళ్ళు తోముకోవడం లాంటిది, అది ఉదయం ఆరుకి కావచ్చు మధ్యాహ్నం రెండుకి కావచ్చు. అలారం కావాలంటే వైబ్రేషన్ మోడ్ పెట్టుకోమనండి.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది మీకు, టైమ్ మారిపోతే మందు పనిచెయ్యదు కదా అని. ఈ భయం పాతకాలం నుంచి వచ్చింది. 1987లో మొదటి మందు ఏజడ్‌టీ వచ్చినప్పుడు నాలుగు గంటలకోసారి మింగాలి, అర్ధరాత్రి లేచి మరీ. 1996 నుంచి మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలైంది, ప్రాణాలు నిలబడ్డాయి కానీ గుప్పెడు గుప్పెడు మాత్రలు, ఇండినావిర్ అయితే ఎనిమిది గంటలకోసారి, ఖాళీ కడుపుతో. ఆ రోజుల మందుల మీద చేసిన ఒక పరిశోధన 2000లో వచ్చింది, అందులోంచే 95 శాతం డోసులు తప్పకుండా వేస్కోవాలి అనే మాట పుట్టి ఇప్పటికీ తిరుగుతోంది. రోజుకి ఒక్క మాత్రలో మూడు మందులూ పెట్టడం 2006కి గానీ కుదర్లేదు. ఇప్పుడు మీ తమ్ముడు వాడే డోలుటెగ్రావిర్ ఆ పాతవాటి కంటే చాలా ఓర్చుకుంటుంది, కొన్ని గంటలు అటూ ఇటూ అయితే ఏమీ కాదు, ఎప్పుడో ఒక డోస్ తప్పినంత మాత్రాన వైరస్ లేచి కూర్చోదు. ఇది చెప్తే ఇంకా ఎగ్గొడతాడేమో అని మీకు అనిపించొచ్చు, నాకు తెలిసి జరిగేది ఉల్టా. టైమ్ దాటిపోయింది కాబట్టి ఇవాళ్టికి పోయింది, రేపు చూద్దాం అని మొత్తానికే వదిలేసేవాళ్ళే ఎక్కువ. అతనికి చెప్పాల్సిన రూల్ ఇంతే, గుర్తొచ్చిన వెంటనే వేస్కో, తర్వాతి డోస్‌కి నాలుగు గంటలు కూడా లేకపోతే మాత్రం దీన్ని వదిలేసి ఆ టైమ్‌కి అది వేస్కో, రెండూ కలిపి మింగకు.

కానీ వరసగా రోజులకి రోజులు మానేయడం వేరే సంగతి. అక్కడొకటి ఇక్కడొకటి తప్పడం కంటే వరసగా పడే గ్యాపే ప్రమాదం, వైరస్‌కి సందు దొరికేది అప్పుడే. ఆ నెల రోజుల రెస్ట్ మాటకి నేను ఇంత గట్టిగా వద్దంటున్నది కూడా అందుకే. ఈ ఆలోచన కొత్తదేం కాదు, సైడ్ ఎఫెక్ట్స్ తగ్గుతాయేమో అని ఒకప్పుడు డాక్టర్లే అనుకుని పరీక్షించి చూశారు. స్మార్ట్ అనే ట్రయల్‌లో 5,472 మందిని తీసుకుని సగం మందికి ఆపకుండా మందులు ఇచ్చారు, సగం మందికి సీడీ4 (ఒంట్లో రోగనిరోధక కణాల లెక్క) బాగుంటే ఆపి, తగ్గితే మళ్ళీ మొదలుపెట్టారు. ఆపిన గ్రూపులో జబ్బులు, చావులు ఎక్కువైపోతున్నాయని 2006లో దాన్ని మధ్యలోనే నిలిపేశారు. ఆశ్చర్యం ఏంటంటే రెస్ట్ ఇస్తే కాపాడుకోవచ్చనుకున్న గుండె, కిడ్నీ, లివర్ సమస్యలు కూడా ఆపినవాళ్ళలోనే ఎక్కువ వచ్చాయి. అన్‌డిటెక్టబుల్ అంటే వైరస్ పోయిందని కాదు, కొన్ని సీడీ4 కణాల్లో నివురు గప్పిన నిప్పులా దాక్కుని ఉంటుంది, మందు ఆపితే చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్ళీ రక్తంలోకి వచ్చేస్తుంది. అప్పుడు రెస్ట్ దొరికేది బాడీకి కాదు, వైరస్‌కి.

అయితే రెస్ట్ కావాలి అన్న మాటని మాత్రం పట్టించుకోండి, ఆ మాట ఊరికే రాదు. ఏదో ఇబ్బంది పెడుతోంది. డోలుటెగ్రావిర్‌తో కొందరికి నిద్ర పట్టదు, తలనొప్పి, కొందరు బరువు పెరుగుతారు. నిద్ర సమస్య అయితే పడుకునే ముందు కాకుండా లేవగానే వేస్కుంటే చాలామందికి సర్దుకుంటుంది. బరువు అయితే డాక్టర్‌తో మాట్లాడాలి. ఏదీ కాకపోతే, ఒంట్లో ఏ బాధా లేనివాడికి తనకి జబ్బుందని గుర్తుచేసేది రోజు మొత్తంలో ఆ ఒక్క మాత్రే, దాన్ని చూడాలంటేనే విసుగు పుడుతుంది, నాలుగేళ్ళ తర్వాత అది రావడం సహజం. దానికి మందు తిట్టు కాదు.

మనసు బాగోకపోవడం ఇంకొకటి. కొత్త ఊరు, నిద్ర లేదు, రహస్యం మోస్తూ బతకడం. డిప్రెషన్‌కీ మాత్రలు తప్పడానికీ ఉన్న సంబంధం మళ్ళీ మళ్ళీ బయటపడుతూనే ఉంది, పైగా డిప్రెషన్‌కి వైద్యం చేస్తే ఏఆర్‌టీ వాడకం కూడా మెరుగవుతుంది. తిండి మీద ధ్యాస లేదు, దేనిమీదా ఆసక్తి లేదు, ఫోన్‌లో గొంతు నీరసంగా ఉంది అనిపిస్తే ఈ మాట డాక్టర్ చెవిన వేయించండి, కొందరిలో డోలుటెగ్రావిర్ వల్ల కూడా మూడ్ మారుతుంది కాబట్టి అదీ వాళ్ళు చూస్తారు. చచ్చిపోవాలనుంది లాంటి మాట వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, అదేరోజు తీసుకెళ్ళండి.

తాగే అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఒక్క ముక్క, మందు కొట్టిన రోజు మాత్ర వేస్కుంటే విషం అవుతుందని చాలామంది నమ్మి ఆ రోజు మానేస్తారు. అలా కాదు, తాగినా సరే మాత్ర వేస్కోవాల్సిందే. తాగుడు తగ్గించుకోవడం మంచిదే, అది వేరే పంచాయితీ.

ఇప్పుడు మీ ఫోన్ల గురించి, నొచ్చుకోకండి. రోజూ రాత్రి వేస్కున్నావా అని అడిగితే ఆ వేస్కున్నా అని వస్తుంది, ఇంకేం వస్తుంది? కెన్యాలో ఒక ట్రయల్ చేశారు, 2010లో ఫలితాలు వచ్చాయి. నర్సులు పేషెంట్లకి వారానికి ఒక్కసారి, ఎలా ఉన్నావ్ అని స్వాహిలీలో ఒకే ఒక్క మెసేజ్ పంపేవాళ్ళు, అందులో మాత్ర ఊసే లేదు. బాగున్నా అనో, ఇబ్బందిగా ఉంది అనో జవాబివ్వాలి, ఇబ్బంది అన్నవాళ్ళకి, జవాబే ఇవ్వనివాళ్ళకి నర్సు ఫోన్ చేసి మాట్లాడేది. ఏడాది తర్వాత చూస్తే వైరస్ అదుపులో ఉన్నవాళ్ళు మెసేజ్ గ్రూపులో 57 శాతం, మామూలు గ్రూపులో 48 శాతం. అదే దేశంలో ఇంకో ట్రయల్‌లో వారానికోసారి వచ్చే మెసేజ్ ఉపయోగపడింది, రోజూ వచ్చేది ఉపయోగపడలేదు. రోజూ మోగితే మనిషి పట్టించుకోడు అని నా అభిప్రాయం. అందుకని మీరు కూడా వారానికోసారి తీరిగ్గా చెయ్యండి, అన్నం తిన్నావా, నిద్ర పట్టిందా, ఆ ముగ్గురూ ఎలాంటివాళ్ళు, ఇవి అడగండి. ఎన్ని తప్పాయో చెప్పినా నేను తిట్టను అని మాటివ్వండి, ఒకసారి నిజం చెప్పినప్పుడు నిజంగానే తిట్టకండి, అదే కష్టం, తెలుసు. డబ్బాలో లెక్కపెట్టడం మాత్రం ఇవాళ్టితో ఆపేయండి.

ఇంకోటి, మందులు ఇప్పటికీ పాత ఊరి సెంటర్‌లోనే తీసుకుంటున్నాడా? అయితే సెలవు దొరక్క స్టాక్ అయిపోయిన రోజులు కూడా ఉండి ఉంటాయి. ఇప్పుడున్న ఊరికి ట్రాన్స్‌ఫర్ అడగొచ్చు. వైరల్ లోడ్ మళ్ళీ కిందికొచ్చాక ఒకేసారి మూడు నుంచి ఆరు నెలలకి సరిపడా ఇమ్మని కూడా అడగొచ్చు, నిలకడగా ఉన్నవాళ్ళకి అలా ఇవ్వొచ్చని డబ్ల్యూహెచ్ఓ ఎప్పుడో చెప్పింది.

ఆ అమ్మాయి విషయం మీరు అడగలేదు గానీ చెప్పాలి. వైరల్ లోడ్ అన్‌డిటెక్టబుల్‌గా నిలబడినంతకాలం సెక్స్ ద్వారా ఎదుటివాళ్ళకి సోకదు. పార్ట్‌నర్ అనే స్టడీ రెండు విడతల్లో వందల జంటల్ని ఏళ్ళ తరబడి గమనిస్తే, కండోమ్ లేకపోయినా ఆ జంటలో ఒకరి నుంచి ఇంకొకరికి సోకిన కేసు సున్నా, 2019లో రెండో విడత ఫలితాలు వచ్చినప్పుడూ అంతే. కానీ ఇప్పుడు 4,200 ఉంది, ఈ మాట ఇప్పుడు అతనికి వర్తించదు. మళ్ళీ కిందికి వచ్చిందని రిపోర్ట్ చేతికి వచ్చేవరకు కండోమ్ తప్పనిసరి, ఆ అమ్మాయి సోకకుండా ముందుగా వాడే ప్రెప్ మాత్రల గురించి డాక్టర్‌ని అడగొచ్చు, ఇప్పటికే కండోమ్ లేకుండా కలిసి ఉంటే ఆలస్యం చేయకుండా వెళ్ళి టెస్ట్ చేయించుకోవాలి, అది మూడు రోజుల లోపే అయితే 72 గంటల్లోగా మొదలుపెట్టే మందులు ఉంటాయి, ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది. ఈ విషయం అతనే ఆమెకి చెప్పాలి, మీరు అతనికి అర్థమయ్యేలా చెప్పండి.

4,200 చూసి మందు ఫెయిలైంది అనుకోకండి. డోలుటెగ్రావిర్ వాడేవాళ్ళలో నంబర్ పెరిగితే ఎక్కువసార్లు కారణం మాత్ర కడుపులోకి సరిగ్గా వెళ్ళకపోవడమే, రెసిస్టెన్స్ (వైరస్ మందుకి లొంగకుండా పోవడం) అరుదు, అరుదే గానీ అస్సలు రాదని కాదు. మూడు నెలలు సరిగ్గా వాడితే చాలామందికి మళ్ళీ కిందికి దిగిపోతుంది. దిగకపోతే రెసిస్టెన్స్ టెస్ట్ చేసి మందు మార్చాలా అని చూస్తారు, అందుకే ఈ మూడు నెలల్లో నిజంగా ఎన్ని వేస్కున్నాడో డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పడం అతనికే లాభం, లేకపోతే బాగా పనిచేసే మందుని అనవసరంగా మార్చేస్తారు. రోజూ మాత్ర అనేదే అతనికి భరించలేనిది అయితే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి, కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ రెండూ కలిపి నెలకో రెండు నెలలకో ఓసారి వేస్తారు, వైరస్ అదుపులో ఉన్నవాళ్ళు మాత్రలకి బదులు వీటికి మారొచ్చని 2025 జులైలో డబ్ల్యూహెచ్ఓ కూడా చెప్పింది. అన్నిచోట్లా దొరకట్లేదు, డాక్టర్‌ని అడిగి చూడమనండి. ఎలా చూసినా ముందు వైరల్ లోడ్ దిగాలి కాబట్టి ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆ గ్యాస్ మాత్రల సంగతి, నైట్ షిఫ్ట్ వారం సంగతి అడగండి.